పక్క క్లాసు మిస్

ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి కాస్త నడుం వాల్చానో లేదో బెంగళూరు నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. హలో అనగానే, "అమ్మా, మిస్ పోయారు" అంది.

ఏ మిస్ అని నేను అడగలేదు. సౌదీలో చదివినన్నాళ్ళూ మా అమ్మాయికి పాఠాలు చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో నేనూ ఒకదాన్ని. అయినా మా ఇంట్లో మిస్ అంటే ఒక్కరే. ఆ మాట ముందు పేరు గానీ సబ్జెక్టు గానీ చేర్చాల్సిన అవసరం మా అమ్మాయికి ఏనాడూ రాలేదు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఎక్కడో చురుక్కుమనడమూ మానలేదు.

అది ఏడుస్తోంది. నేను మాత్రం, "నీకెవరు చెప్పారు?" అని అడిగాను. వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడట. కిందటి వారం కూడా ఆవిడతో మాట్లాడిందట. అంటే ఇన్నేళ్ళూ వీళ్ళిద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారన్నమాట. నాకు మా అమ్మాయి ఫోన్ చేస్తే మందులు వేసుకున్నావా, పనిమనిషి వచ్చిందా అని అడుగుతుంది. ఆవిడతో ఏం మాట్లాడేదో నాకు తెలియదు. పోయిన మనిషి మీద జాలి పడాల్సిన ఆ నిమిషంలో నేను ఆ సంగతే ఆలోచిస్తూ కూర్చున్నాను.

ఆవిడ మా స్కూలుకి వచ్చింది యుద్ధం మూలానే. మా వారు దమ్మామ్‌లో ఒక ఆయిల్ సర్వీసు కంపెనీలో ఇంజనీరు. కాపురం అల్ ఖోబర్‌లో. నేను అక్కడికి దగ్గర్లోని ఇండియన్ స్కూల్లో, ఆడపిల్లల వైపు, ఇంగ్లీషు చెప్పేదాన్ని. మగపిల్లల బడి వేరే భవనం. మా వైపు ఆయా దగ్గర్నుంచి ప్రిన్సిపాల్ దాకా అందరం ఆడవాళ్ళమే. ఇరాక్ కువైట్ మీద పడిన ఆగస్టులో మా స్కూల్లో సగం కుటుంబాలు ఇండియాకి వెళ్ళిపోయాయి. పిల్లలు తగ్గారు, టీచర్లు ఇంకా తగ్గారు. డిగ్రీ ఉన్న ఏ ఇల్లాలు దొరికినా చాలనుకున్న ఆ రోజుల్లో, సోషల్ చెప్పడానికి ఆవిడని తీసుకున్నారు.

ఆవిడది ప్రొద్దుటూరు. ముస్లింలు. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. భర్త సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసే ప్లాంటులో టెక్నీషియన్. అతని పాస్‌పోర్టు కఫీల్ అనే అక్కడి యజమాని బీరువాలో ఉంది. నీళ్ళ ప్లాంటు మనిషిని ఇలాంటి సమయంలో వదలనని ఆ కఫీల్ ఖరాఖండిగా చెప్పేశాడు. భర్తని వదిలి ఆవిడ కదల్లేదు. మా వారికీ సెలవు దొరకలేదు గనుక మేమూ ఉండిపోయాం.

మనిషి పొడుగు. నల్ల అబాయా విప్పి కొక్కేనికి తగిలించాక లోపల ఎప్పుడూ గంజి పెట్టిన నేత చీరే. గొంతు బొంగురు. నోట్లో ఎప్పుడూ ఒక లవంగం ముక్క. ఇంగ్లీషు మాట్లాడితే స్కూలు ఇస్కూలయ్యేది, స్టేషను ఇస్టేషనయ్యేది. మొదటి రోజు స్టాఫ్‌రూంలో నా పక్క కుర్చీలో కూర్చుని, "మేడమ్, మీరు తెలుగోళ్ళంట గదా, నాకు పానం లేసొచ్చినట్టుండాది" అంది. నాకూ సంతోషమే అనిపించింది. పల్లీల పొడి తెచ్చి పెట్టేది. నేను ఆవిడ ఇంగ్లీషు సరిచేసేదాన్ని. అలా ఉన్నన్నాళ్ళు మా మధ్య ఏ ఇబ్బందీ లేదు.

జనవరిలో సైరన్లు మొదలయ్యాక స్కూలు మూసేశారు. విషవాయువు వదులుతారేమోనన్న భయంతో మా ఇంట్లో ఒక గది కిటికీలన్నిటికీ బ్రౌన్ టేపు అంటించాం. సైరన్ మోగగానే ముగ్గురం ఆ గదిలోకి పోయి, తలుపు కింద తడి తువ్వాలు కుక్కి, కంపెనీ ఇచ్చిన మాస్కులు ఒళ్ళో పెట్టుకుని, ప్రమాదం తప్పిందని రేడియోలో చెప్పేదాకా కూర్చునేవాళ్ళం. పైన ఎక్కడో క్షిపణులు ఒకదాన్నొకటి కొట్టుకుంటే ఇల్లంతా అదిరేది. మా అమ్మాయి అప్పుడు ఆరో క్లాసు. యుద్ధానికి ముందు అది వసపిట్ట. నిద్రలో కూడా మాట్లాడేది.

యుద్ధం ముగిసి స్కూలు తెరిచేసరికి ఆకాశం నల్లగా ఉంది. కువైట్‌లో తగలబడుతున్న చమురు బావుల పొగ గాలి వాటాన్ని బట్టి మా మీదికి వచ్చేది. పట్టపగలు కార్లు లైట్లు వేసుకుని తిరిగేవి. ఆరేసిన తెల్ల యూనిఫాముల మీద మసి మరకలు పడేవి. పిల్లలు కూడా మారిపోయి వచ్చారు. తలుపు దబ్బుమంటే బల్లల కింద దూరేవాళ్ళు. కొందరు ఆపకుండా వాగుతూ, ఒకరి మాట ఒకరు వినకుండా, ఎప్పుడూ అరుపుల మీదే ఉండేవాళ్ళు. కొందరు అసలు నోరే తెరిచేవాళ్ళు కాదు. ఈ రెండో రకంలో మా అమ్మాయి చేరింది. అడిగినదానికి జవాబు చెప్పేది, అంతే. తల ఊపితే సరిపోయే చోట తలే ఊపేది.

మా ప్రిన్సిపాల్ కేరళావిడ, పెద్ద మనిషి. ఆరు నుంచి ఎనిమిది దాకా క్లాసులకి రోజూ ఒక పీరియడు, మాట్లాడటానికీ వినడానికీ పెడదామంది. దానికి పుస్తకం లేదు, పరీక్ష లేదు. ఆ మాట మీటింగులో అనగానే అందరూ నావైపు చూశారు. నేనూ సర్దుకుని కూర్చున్నాను. ఎలొక్యూషన్ పోటీలకి పిల్లల్ని తయారుచేసేది నేనే. ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ చెయ్యెత్తాలో, ఎక్కడ ఆగి సభ వైపు చూడాలో ఒక్కో వాక్యానికీ నేర్పించేదాన్ని. ఆఫీసు గది అద్దాల బీరువాలో ఉన్న కప్పులన్నీ నా పిల్లలు తెచ్చినవే. ప్రిన్సిపాల్ మాత్రం, మీరు టెన్త్‌కి కావాలి, ఈ పీరియడు ఈవిడ తీసుకుంటుంది అని ఆవిడ పేరు చెప్పింది. ఇస్కూలు అనే మనిషికి స్పీకింగ్ క్లాసు. ఆ రోజు ఆవిడ ఇచ్చిన పల్లీల పొడి నేను ముట్టలేదు.

నా టెన్త్ క్లాసు గదీ ఆవిడ గదీ పక్కపక్కనే. ఆవిడ చేసిన మొదటి పని ఏసీ ఆపడం. ఖోబర్‌లో ఎండలు ముదిరాక ఏసీ ఆపడమంటే ఊహించుకోండి. కిటికీ ఏసీలు, లారీ ఇంజన్లలా రొద చేసేవి. "ఈ రొదలో మనిషి మాట యాడ ఇనపడతాది" అనేదట. ఏసీ ఆపితే గాలికోసం తలుపు తెరవక తప్పదు. అందుకని ఆవిడ క్లాసులో జరిగేదంతా వసారాలోకి, అక్కణ్ణుంచి నా చెవిలోకి వచ్చేది.

మొదట్లో పాఠమే లేదు. కళ్ళు మూసుకుని ఏమేం వినిపిస్తున్నాయో చెప్పమనేది. ఏసీ ఆగితే సైరన్ వినిపిస్తుందేమోనని మొదటి రోజు పిల్లలు భయపడ్డారట. రెండు మూడు రోజులకి పావురాలు, నీళ్ళ ట్యాంకరు, ప్రిన్సిపాల్ చెప్పుల చప్పుడు, పై మేడ మీద కుర్చీ లాగడం, ఒక్కొక్కటే వినపడటం మొదలుపెట్టాయి. ఆ జాబితాలో నేనూ ఉన్నానని మా అమ్మాయే ఇంట్లో చెప్పింది. పక్క క్లాసులో మేడమ్ ఒక్కతే మాట్లాడుతోంది అని ఎవరో పిల్ల అన్నదట. క్లాసంతా నవ్విందట. నాకు నవ్వు రాలేదు. మా అమ్మాయి నోటి నుంచి అన్ని రోజుల తర్వాత వరసగా నాలుగు వాక్యాలు రావడం అదే మొదటిసారి అన్న సంగతి కూడా నాకు తర్వాత తట్టింది.

ఆ తర్వాత ఆవిడ ఒక నియమం పెట్టింది. ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకతె ఏదైనా చెబుతుంది. రెండో పిల్ల తన మాట మొదలుపెట్టే ముందు, మొదటి పిల్ల ఏం చెప్పిందో తిరిగి చెప్పాలి. మొదటి పిల్ల అవును అదే అంటేనే రెండో పిల్లకి మాట్లాడే హక్కు. కాదంటే మళ్ళీ వినాలి. చూడటానికి ఆటలా ఉంటుంది. కానీ ఎనిమిదో క్లాసు పిల్లలు కూడా మొదట్లో చిత్తుగా ఓడిపోయేవాళ్ళు. అవతలివాళ్ళు అనని మాటలు అన్నారనేవాళ్ళు. అన్న మాటలు మింగేసేవాళ్ళు. "నువ్వు ఇనాల్సింది ఇనలేదు, నీకు కావాల్సింది ఇన్నావు, మళ్ళా ఇను" అని ఆవిడ బొంగురు గొంతుతో అనేది. తెలుగు రాని పిల్లలతో అదే మాట హిందీలో, తన ఇంగ్లీషులో.

ఆవిడకి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా మాట్లాడటం మొదలుపెడితే చేతిలో ఏదుంటే అది కింద పెట్టేసేది. సుద్దముక్క, పెన్ను, టీ గ్లాసు, అన్నం ముద్ద కూడా. స్టాఫ్‌రూంలో ఆయా వచ్చి ఏదో చెప్పినా అంతే. పెట్టేసి, చేతులు ఒళ్ళో వేసుకుని, ఆ మనిషి మొహం చూస్తూ ఉండేది. మధ్యలో ఊ కొట్టేది కాదు. చెప్పేవాళ్ళు ఆగిపోయినా వెంటనే అందుకునేది కాదు. అందుకని ఆవిడకి చెప్పేవాళ్ళు తాము చెబుదామనుకున్నదానికంటే కాస్త ఎక్కువే చెప్పి లేచేవాళ్ళు. సైన్సు టీచర్ తన అత్తగారి సంగతి, అరబిక్ టీచర్ తన మోకాళ్ళ సంగతి. అందరూ ఆవిడ కుర్చీ పక్కకే చేరేవాళ్ళు. ఆ కుర్చీ పక్కనే నేనుండేదాన్ని. నన్ను కాస్త జరగమనేవాళ్ళు.

ఇంట్లోనూ 'మిస్ అన్నారు' మొదలైంది. మిస్ లవంగం ఇచ్చారు. మిస్ చిన్నప్పుడు పెన్నా ఏట్లో చెప్పులు పోగొట్టుకున్నారు. మిస్‌కి పిల్లులంటే భయం. మా వారు సంతోషించారు. పిల్ల మాట్లాడుతోంది కదా, ఎవరి గురించయితేనేం అన్నారు. మగవాళ్ళకి ఆ తేడా తెలియదు.

ఒకరోజు నాకు ఖాళీ పీరియడు. వసారాలో నడిచి వెళ్తుంటే తెరిచిన తలుపులోంచి మా అమ్మాయి గొంతు వినిపించింది. ఆగిపోయాను. గోడవారగా నిలబడ్డాను. లోపలివాళ్ళకి నేను కనిపించను. దాని ఎదురుగా కూర్చున్నది సబీహా అని హైదరాబాదు పిల్ల, దాని స్నేహితురాలు. మా అమ్మాయి ఇంగ్లీషులో చెబుతోంది, మెల్లగా, వెతుక్కుంటూ. టేపు అంటించిన గది గురించి చెబుతోంది. గదిలో గాలి ఇంతే ఉంటుందనీ, ఎక్కువ మాట్లాడితే తొందరగా అయిపోతుందనీ నాన్న చెప్పాడంది. నాకు గుర్తొచ్చింది. మా వారు మొదటి రోజు మమ్మల్ని నవ్వించడానికి ఆ మాట అన్నారు. నేను నవ్వాను కూడా.

అది చెప్పడం అయ్యాక సబీహా వంతు. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "నువ్వు మాట్లాడితే మీ అమ్మకి గాలి చాలదేమోనని నువ్వు మాట్లాడలేదు" అంది.

మా అమ్మాయి వెంటనే ఒప్పుకోలేదు. "అప్పుడే కాదు. తర్వాత కూడా. గది తలుపు తీసేశాక కూడా" అంది.

సబీహా మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. తలుపు తీసేశాక కూడా నువ్వు మాట్లాడితే మీ అమ్మకి గాలి చాలదేమోనని నీకు భయం వేసింది అని. మా అమ్మాయి, "అవును. అదే" అంది.

లోపల ఎవరూ నవ్వలేదు. ఎవరూ అయ్యో అనలేదు. ఆవిడ మామూలు గొంతుతో, "ఇప్పుడు సబీహా నీ మాట చెప్పు" అంది. నేను అక్కణ్ణుంచి వచ్చేశాను. స్టాఫ్‌రూంలో కుళాయి తిప్పి మొహం కడుక్కుంటూ చాలాసేపు ఉన్నాను. నా కోసం నెలల తరబడి నోరు కట్టుకున్న పిల్ల, ఆ సంగతి నాకు చెప్పలేదు. సబీహాకి చెప్పింది. ఆవిడ ముందు చెప్పింది.

ఆవిడ వచ్చాక నేను ఊరుకోలేకపోయాను. విన్నానని చెప్పాను. మీకు ముందే తెలిస్తే తల్లిని, నాకు ఒక మాట చెప్పాలి కదా అని అడిగాను. నా గొంతు లేచింది. తోటి టీచర్లు తల తిప్పి చూశారు. ఆవిడ చేతిలోని హాజరుపట్టీ బల్ల మీద పెట్టి, నేను చెప్పిందంతా విని, అప్పుడు అంది.

"నాకూ ఈరోజే తెలిసింది మేడమ్. ఆ పాప నాకు చెప్పలేదు, సబీహాకి చెప్పింది. నేను పక్కనుంటి, అంతే."

"ఇంట్లో ఎన్నిసార్లు అడిగానో మీకు తెలియదు."

"అడిగితే చెప్పరు మేడమ్ యా పిల్లలూ. వాళ్ళకు చెప్పబుద్ధయినప్పుడు మనం ఆడ ఉండల్ల."

ఆ మాటతో ఆవిడ మీద కోపం ఇంకా పెరిగింది. ఆ సాయంత్రం మా అమ్మాయి వంటింట్లోకి వచ్చి మంచినీళ్ళ సీసా తీసుకుంటూ సబీహా వాళ్ళ తమ్ముడి గురించి ఏదో చెప్పబోయింది. నేను పులుసు కలుపుతున్న గరిటె కింద పెట్టి, చేతులు తుడుచుకుని, దాని మొహంలోకి చూశాను. "ఏమైందమ్మా, ఒంట్లో బాలేదా?" అని కంగారుగా అడిగింది. ఏమీ లేదులే చెప్పు అన్నాను. ఏం లేదని వెళ్ళిపోయింది. పులుసు అడుగంటింది.

మరుసటి సంవత్సరం దమ్మామ్‌లో ఇండియన్ స్కూళ్ళ మధ్య వక్తృత్వ పోటీ పెట్టారు. మా స్కూలు నుంచి ఇద్దరిని పంపాలి. ఒకరిని నేనూ ఒకరిని ఆవిడా తయారుచేయాలన్నారు. మా అమ్మాయిని నేను తీసుకుంటానని అనుకున్నాను. ఎవరి దగ్గర తయారవుతావని ప్రిన్సిపాల్ దాన్నే అడిగింది. అది నా వైపు చూసి, తల దించుకుని, మిస్ దగ్గర అంది. అందులో దాని తప్పేమీ లేదు. కానీ ఆ వారమంతా స్కూలు వ్యానులో నా పక్కన కూర్చుని అది కిటికీలోంచే చూస్తూ వచ్చింది, నేనూ అవతలి కిటికీలోంచే చూస్తూ వచ్చాను.

నేను తొమ్మిదో క్లాసు పిల్లని తీసుకున్నాను. రోజూ స్కూలు అయ్యాక ఉంచి, ఒక్కో మాట అరగదీసి అప్పజెప్పించాను. పోటీ రోజు ఆ పిల్ల గంట కొట్టినట్టు మాట్లాడింది. తప్పు లేదు, తడబాటు లేదు. చప్పట్లు ఆగలేదు. మా అమ్మాయి వంతు వచ్చినప్పుడు అది రాసుకున్నది పక్కన పెట్టి, ముందు మాట్లాడిన ఇద్దరు పిల్లలు ఏమన్నారో చెప్పి, ఎక్కడ ఒప్పుకుంటుందో ఎక్కడ ఒప్పుకోదో చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలో రెండుసార్లు ఆగి ఆలోచించింది. గంట మోగేసరికి తన మాట పూర్తికాలేదు. మొదటి బహుమతి నా పిల్లకి వచ్చింది. మా అమ్మాయికి ఏమీ రాలేదు.

కప్పు నా చేతికిచ్చి ఆ పిల్ల వాళ్ళమ్మ దగ్గరికి పరుగెత్తింది. నేను హాల్లో ఒక పక్కగా నిలబడ్డాను. మా అమ్మాయి వేదిక మెట్లు దిగి, నన్ను దాటుకుని, వెనక వరసలో ఉన్న ఆవిడ దగ్గరికి వెళ్ళింది. మొహం వెలిగిపోతోంది. చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది, ఆవిడ వింటోంది. ఓడిపోయిన పిల్ల అలా నవ్వుతుందా? అందరూ నాకు అభినందనలు చెబుతున్నారు. ఒక్కరికి కూడా సరిగా బదులు చెప్పలేకపోయాను. నేను గెలిచిన పోటీల్లో నాకు నిద్ర పట్టనివ్వనిది అదొక్కటే.

ఆవిడకి లోటు ఉంటుందని నాకు ఎప్పుడూ తోచలేదు. ఒక గురువారం సాయంత్రం ఊరికి ఫోన్ చేద్దామని ఖోబర్ బజారులో టెలిఫోన్ కేబిన్ల దగ్గరికి వెళ్ళాం. మా వారు బయట ఆవిడ భర్తతో మాట్లాడుతూ నిలబడ్డారు. లోపల కేబిన్‌లో ఆవిడ. నా వంతు ఆవిడ తర్వాత. కేబిన్ తలుపు సరిగా పడదు, మాటలు వినిపిస్తున్నాయి.

"ఖానా ఖాయా బేటా?" అంది. తర్వాత, "క్యా ఖాయా?" అంటూ ఏం తిన్నాడో అడిగింది. బడికి పోయావా అంది. తర్వాత ఏమీ అడగలేదు. రిసీవరు చెవికి ఆనించుకుని అలాగే నిలబడింది. అవతల మాట ఉందో లేదో నాకు తెలియదు. ఆవిడ మొహంలో మాత్రం, క్లాసులో పిల్లలు ఆగిపోయినప్పుడు ఉండే ఆ ఓపిక లేదు. అది వేరే మొహం. అలా చాలాసేపు నిలబడి, పెట్టేసి బయటికి వచ్చింది.

నేను చూశానని ఆవిడకి తెలుసు. దాచలేదు. "మావోడు మేడమ్. యుద్ధం వచ్చాదేమోనని ఆగస్టులోనే మా తమ్ముని ఎంబడి ఊరికి పంపిస్తి. పదేండ్లోడు. నేను రానమ్మా, నన్ను పంపద్దు అని కాళ్ళు పట్టుకునె. ఇప్పుడు రమ్మంటే వాడు రాడు. ఊ, ఆ తప్ప నాతో మాట్లాడడు" అంది.

పిల్లలు మారతారులెండి అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. "మీరు పాపను దగ్గరే పెట్టుకుంటిరి. మీరిద్దరూ వ్యాన్లోనించి దిగొచ్చాంటే చూసి నాకు కుళ్ళు వచ్చాది మేడమ్. నిజం చెప్తాండా" అని కొంచెం నవ్వింది.

అంతవరకు కుళ్ళు నా ఒక్కదాని సొత్తు అనుకున్నాను. ఆవిడకీ ఉందని తెలిస్తే మనసు తేలికపడాలి. పడలేదు. మేమిద్దరం వ్యానులో చెరో కిటికీ చూస్తూ వచ్చే సంగతి ఆవిడకి తెలియదు. నా దగ్గర ఉందని ఆవిడ అనుకుంటున్నది తన క్లాసు గదిలోనే ఉందని నేనెలా చెప్పను? నా వంతు వచ్చింది. కేబిన్‌లోకి వెళ్ళిపోయాను. రిసీవరు ఇంకా వెచ్చగా ఉంది.

మా అమ్మాయి ఎనిమిదో క్లాసు పూర్తయ్యే వేళకి ఆవిడ భర్తకి ఖురూజ్ వేశారు. అంటే ఇక తిరిగి రావడం లేకుండా దేశం విడిచి వెళ్ళడం. ప్లాంటులో కొత్త కాంట్రాక్టరు వచ్చి పాతవాళ్ళని తీసేశాడు. అక్కడ ఉండటానికిచ్చిన ఇఖామా కార్డు గడువు అయ్యేలోపు సామాన్లు సర్దుకోవాలి. వీడ్కోలు సభలో మాట్లాడాల్సింది నేనే, ఇంకెవరు మాట్లాడతారు. బాగా రాసుకుని వెళ్ళాను. ఆవిడ టీ గ్లాసు బల్ల మీద పెట్టి, చేతులు ఒళ్ళో వేసుకుని నా వైపు చూసింది. అంతవరకు నేను కొన్ని వందల మంది ముందు మాట్లాడాను. ఒక మనిషి నా మాటల్ని అలా అందుకోవడం అప్పుడే చూశాను. రాసుకున్న వాక్యాలు ఒకటీ గుర్తు రాలేదు. "మీరు వెళ్ళిపోతే మా అమ్మాయికి ఎవరూ ఉండరు" అన్నాను. ఏమన్నానో నాకే వినిపించి కూర్చుండిపోయాను. అందరూ అది ఆవిడ మీద ప్రేమ అనుకుని కళ్ళు తుడుచుకున్నారు. ఆవిడ ఏమనుకుందో తెలియదు. వెళ్ళేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "ఉంటారు మేడమ్, యాల ఉండరు" అంది.

ఆ స్పీకింగ్ పీరియడు తర్వాతి సంవత్సరం నాకే ఇచ్చారు. నేను ఏసీ ఆపలేదు. పిల్లలకి మంచి ఉచ్చారణ నేర్పాను. కప్పులు కూడా వచ్చాయి.

ఆదివారం ఫోన్ పెట్టేసే ముందు మా అమ్మాయి, ప్రొద్దుటూరు వెళ్తున్నానంది. నేనూ వస్తానన్నాను. అది ఎందుకని అడగలేదు. విజయవాడ నుంచి నేనూ బెంగళూరు నుంచి అదీ కడపలో కలుసుకుని వెళ్ళాం. వాళ్ళబ్బాయిది బజారులో బట్టల కొట్టు. వెనకే ఇల్లు. మనిషి తల్లిలాగే పొడుగు, మాటలు తక్కువ. తల్లి తిరిగి వచ్చాక కూడా చాలా ఏళ్ళు ముక్తసరిగానే ఉండేవాడట. తనకి పిల్లలు పుట్టాక, వాళ్ళ కబుర్లు ఆవిడకి చెప్పడంతో మాటలు కలిశాయట. ఈ సంగతి మా అమ్మాయికి ముందే తెలుసు. నాకు దారిలో చెప్పింది.

చాప పరిచి కూర్చోబెట్టాడు. టీ ఇచ్చారు. ఎక్కడెక్కడి నుంచో ఆడపిల్లలు ఫోన్లు చేస్తున్నారని చెప్పాడు. కొందరు పేరు చెప్పకుండానే ఏడుస్తున్నారట. తర్వాత నా వైపు తిరిగాడు.

"మేడమ్, మా యమ్మ క్లాసులో ఎట్లుండేది? ఇంతమందికి తెలుసు, నాకు తెలీదు. నేను ఒక్కరోజు గూడా చూల్లేదు. మీరు పక్క గదిలోనే ఉంటిరంట."

ఆ గొంతులో ఉన్నదేమిటో నాకు వెంటనే అర్థమైంది. అది నాకు బాగా తెలిసినదే. మా అమ్మాయి జవాబు చెబుతుందని చూశాను. అది నా వైపే చూస్తోంది. దానికి తెలిసింది తన క్లాసు ఒక్కటే. మూడు క్లాసులనీ, స్టాఫ్‌రూంనీ, వసారానీ, రోజూ చెవులు రిక్కించి విన్నది నేను. ఇష్టపడేవాళ్ళయినా అంత శ్రద్ధగా చూడరు.

చెప్పడం మొదలుపెట్టాను. అబాయా తగిలించే కొక్కెం, ఏసీ స్విచ్చి ఆపడం, పావురాలు, నీళ్ళ ట్యాంకరు. ఎవరు ముందు ఎవరు తర్వాత మాట్లాడేవాళ్ళో, ఒక మలయాళీ పిల్ల మూడు వారాలు తల ఎత్తకపోతే ఆ మూడు వారాలూ ఆవిడ ఆ పిల్ల వంతు వచ్చినప్పుడు ఎలా ఖాళీగా కూర్చుని ఆగేదో, నాలుగో వారం ఆ పిల్ల ఏం చెప్పిందో. ఫోన్ కేబిన్ దగ్గరికి వచ్చినప్పుడు ఒక్క క్షణం తటపటాయించి అదీ చెప్పాను. అతను తల వంచుకుని, పంచె అంచు వేళ్ళతో నలుపుతూ విన్నాడు. కొట్లోంచి కుర్రాడు ఏదో అడగడానికి వస్తే చెయ్యి ఎత్తి ఆపాడు. సాయంత్రపు అసర్ నమాజు పిలుపు వచ్చింది. వెళ్ళి వచ్చి మళ్ళీ కూర్చుని, తర్వాత చెప్పండి మేడమ్ అన్నాడు.

మా అమ్మాయి గోడకి ఆనుకుని కూర్చుంది. ఫోన్ బ్యాగులో పెట్టేసింది. ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. నేను తడుముకున్నచోట అందించలేదు, ఆగిపోతే ఆగింది. నలభై దాటిన దాని మొహంలో ఆరో క్లాసు పిల్ల కళ్ళు. కడప బస్సుకి వేళ మించిపోతోందని నాకు తెలుసు. అయినా ఆపబుద్ధి కాలేదు. మా అమ్మాయి అంతసేపు, అంత ఇష్టంగా నా మాట వినడం నా జన్మలో అదే మొదటిసారి. అదీ ఆవిడ గురించే.